ముందు ఎవరికి కట్టాలి?

కరోనా మహమ్మారి చిన్న వ్యాపారాలను ఏం చేసిందని అడిగితే ఎవరైనా మొదట చెప్పేది అమ్మకాలు పడిపోయాయని. నిజమే, పడిపోయాయి. కానీ చిన్న, మధ్య తరహా సంస్థల లెక్కలు చూసే పనిలో ఉన్న నాకు అమ్మకాల కంటే ఇంకొకటి బాగా గుర్తుండిపోయింది. చేతిలో ఉన్న డబ్బు నలుగురికి సరిపోతుంది, కట్టాల్సినవాళ్లు పదిమంది ఉన్నారు. ఆ నలుగురు ఎవరు? 2020లో నాకు తెలిసిన యజమానులు చాలామంది వారం వారం తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్న ఇదే. మేనేజ్‌మెంట్ గురించి రాసేవాళ్లు వ్యూహం గురించి, నాయకత్వం గురించి ఎన్ని పేజీలైనా రాస్తారు. ఈ ప్రశ్న జోలికి మాత్రం పెద్దగా రారు. ఇదేదో గుమాస్తా పని అనుకుంటారేమో.

నా లెక్క వేరు. మహమ్మారి రోజుల్లో చిన్న సంస్థను నడపడమంటే చాలావరకు ఈ వరుసను నిర్ణయించడమే. వరుస బాగా పెట్టుకున్నవాళ్లలో అమ్మకాలు సగానికి పడినా నిలబడ్డవాళ్లున్నారు. సరిగ్గా పెట్టుకోనివాళ్లలో అమ్మకాలు తిరిగొచ్చాక మునిగినవాళ్లున్నారు.

ముందు డబ్బు సంగతి. లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. లెక్కలు తెలిసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు గానీ, మంచి రోజుల్లో ఆ తేడా పెద్దగా కనిపించదు. సరుకు పంపి బిల్లు రాసిన రోజే లాభం పుస్తకంలోకి ఎక్కుతుంది. డబ్బు రెండు మూడు నెలలకు వస్తుంది. ఈలోపు జీతాలు, అద్దె, కరెంటు, వడ్డీ ఆగవు. పాత బిల్లుల డబ్బు కొత్త ఖర్చులకు సర్దుకుంటూ బండి నడుస్తుంటుంది. మహమ్మారి ఒక్కసారిగా ఆ పాత బిల్లుల డబ్బును ఆపేసింది. అమ్మకాలు పడటం ఒక దెబ్బ. అప్పటికే అమ్మేసిన సరుకు డబ్బు రాకపోవడం దానికంటే ముందు తగిలిన దెబ్బ.

ఎన్ని రోజులు తట్టుకోగలరనే దానికి కొన్ని లెక్కలున్నాయి. అమెరికా బ్యాంకు జేపీమోర్గాన్ చేజ్‌కు చెందిన పరిశోధన సంస్థ 2016లో దాదాపు ఆరు లక్షల అమెరికన్ చిన్న సంస్థల బ్యాంకు ఖాతాలు పరిశీలించింది. రాబడి పూర్తిగా ఆగిపోతే, మధ్యస్థంగా ఒక సంస్థ ఖాతాలోని డబ్బు 27 రోజుల ఖర్చులకు సరిపోతుందని తేలింది. అది మామూలు రోజుల మాట. 2020 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అదే దేశంలో 5,800కు పైగా చిన్న సంస్థలను అడిగిన ఒక సర్వేలో, నెలకు 10 వేల డాలర్లకు మించి ఖర్చున్న వాటిలో మధ్యస్థంగా చేతిలో ఉన్నది సుమారు రెండు వారాల డబ్బు. అప్పటికే వాటిలో 43 శాతం తాత్కాలికంగా మూసేసుకున్నాయి. ధనిక దేశంలోనే ఇదీ పరిస్థితి.

ఇలాంటి అంకెలు చూసి చాలామంది యజమానులను తప్పుపట్టారు. ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టుకోవద్దా అన్నారు. నాకు ఈ సలహా ఎప్పుడూ కోపమే తెప్పిస్తుంది. చిన్న సంస్థలో డబ్బు ఖాళీగా కూర్చుంటే యజమానికి రెండు భయాలు. ఒకటి, ఆ డబ్బుతో సరుకు కొననందుకు చేజారే ఆర్డర్. రెండు, ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికి మించి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు) మీద వడ్డీ కడుతూ ఇంకో ఖాతాలో డబ్బు దాచుకోవడంలోని వెర్రితనం. ఉన్న డబ్బును పనిలో పెట్టమని మార్కెట్ అతనికి ఏళ్ల తరబడి నేర్పింది. పెద్ద కంపెనీలకూ కష్టం వచ్చింది. కానీ 2020 మార్చిలో అవి బ్యాంకుల దగ్గర అప్పటికే మంజూరై ఉన్న అప్పు పరిమితులను గబగబా వాడేసుకుని డబ్బు దగ్గర పెట్టుకున్నాయి. వాళ్ల జాగ్రత్తకు ఆధారం పొదుపు కాదు, బ్యాంకుతో ఉన్న పలుకుబడి. చిన్నవాడికి ఆ తలుపు అంత తేలిగ్గా తెరుచుకోదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. పదిమందిలో నలుగురిని ఎలా ఎంచాలి?

చాలామంది యజమానులు తెలియకుండానే ఒక సూత్రం పాటించారు: ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు ముందు. గట్టిగా అరిచేది ఎవరు? బ్యాంకు. రోజూ ఫోన్లు, మెసేజ్‌లు, నోటీసు. తర్వాత ఇంటి యజమాని, అంటే బిల్డింగ్ అద్దెకిచ్చినాయన. చివరికి మిగిలేది ఎవరయ్యా అంటే పనివాళ్లు, చిన్న సరఫరాదారులు. పనివాళ్లు మొహమాటపడతారు. చిన్న సరఫరాదారు గట్టిగా అడిగితే రేపు ఆర్డర్ రాదేమోనని భయపడతాడు. మౌనంగా ఉన్నవాళ్ల డబ్బే ఆలస్యమవుతుంది.

నేను ఇచ్చిన సలహా దీనికి సరిగ్గా తలకిందులు. ముందు జీతాలు. పూర్తిగా ఇవ్వలేకపోతే ఎంత ఇస్తామో, మిగతాది ఎప్పుడో కాగితం మీద రాసి ఇవ్వాలి. తర్వాత, మనం తప్ప వేరే పెద్ద ఖాతాదారు లేని చిన్న సరఫరాదారు. ఆ తర్వాత పన్నులు. పన్ను మన డబ్బు కాదు, వసూలు చేసి చేతిలో పెట్టుకున్నదే అయితే అసలు కాదు. బ్యాంకు, బిల్డింగ్ అద్దె చివర. చివర అంటే ఎగ్గొట్టమని కాదు. వాళ్లతో మాట్లాడటం మాత్రం అందరికంటే ముందు, గడువు దాటకముందే మొదలుపెట్టాలి.

దీని మీద నాకు చాలా వాదనలు ఎదురయ్యాయి. బ్యాంకు వాయిదా తప్పితే క్రెడిట్ స్కోర్ పోతుంది, తర్వాత అప్పు పుట్టదు అన్నారు. అది ఊరికే అన్న మాట కాదు. ఇల్లు తాకట్టులో ఉన్నవాడికి నా వరుస అలాగే వర్తించదు కూడా. అయితే ఒకటి గమనించండి. వాయిదాను తిరగరాసే ఏర్పాటు బ్యాంకులో ఉంటుంది, దానికి ఫారాలుంటాయి, పైఅధికారి ఉంటాడు. అంత పెద్ద సంక్షోభంలో ప్రభుత్వాలు ముందుగా కదిలించేదీ బ్యాంకులనే. భారత రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి 27న మూడు నెలల మారటోరియానికి, అంటే అప్పు వాయిదాలు కట్టకుండా ఆపుకునే వెసులుబాటుకు అనుమతిచ్చింది, తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. పనివాడి ఇంటి ఖర్చుకు ఏ కేంద్ర బ్యాంకూ మారటోరియం ప్రకటించదు. పదేళ్లుగా ఆ మెషీన్ శబ్దం విని రోగం చెప్పగల మనిషి ఒకసారి వెళ్లిపోతే, ఆర్డర్లు తిరిగొచ్చిన రోజు అతన్ని ఎక్కడి నుంచి తెస్తారు? లాక్‌డౌన్లు ఎత్తేశాక చాలా దేశాల్లో చిన్న సంస్థలు మొదట ఫిర్యాదు చేసింది మనుషులు దొరకడం లేదనే.

మారటోరియం గురించి ఒక మాట. చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు. ఆ నెలలకు వడ్డీ పడుతూనే ఉంది. వడ్డీ మీద వడ్డీ వేయవచ్చా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 మార్చి 23న కోర్టు ఆ కాలానికి చక్రవడ్డీ వసూలు చేయకూడదంది గానీ మామూలు వడ్డీ కట్టాల్సిందే. వాయిదా వేయడం డబ్బు ఇవ్వడంతో సమానం కాదు. కొంచెం సమయం దొరుకుతుంది, అంతే.

ఇంతకీ చిన్న సంస్థ చేతిలో డబ్బు ఎందుకు లేదు? దాని డబ్బు ఇంకొకరి దగ్గర ఉంది కాబట్టి. ఆ ఇంకొకరు తరచుగా పెద్ద కంపెనీ. నాకు బాగా చేదుగా మిగిలిన విషయం ఇదే. 2020లో పెద్ద కొనుగోలుదారులు కొందరు తమ నగదు కాపాడుకోవడానికి చేసిన మొదటి పని, సరఫరాదారుల బిల్లుల గడువు పెంచడం. అరవై రోజులున్నది తొంభై, తొంభై ఉన్నది నూట ఇరవై. దానికి అనుమతి అడగరు, మెయిల్ వస్తుంది. అంటే పెద్దవాడు చిన్నవాడి దగ్గర వడ్డీలేని అప్పు తీసుకున్నాడు. ఆ చిన్నవాడు తనకంటే చిన్నవాడి దగ్గర తీసుకున్నాడు. అట్టడుగున ఉన్నవాడు భార్య నగలు తాకట్టు పెట్టాడు.

చట్టాలు లేక కాదు. భారతదేశంలో 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఏమున్నా 45 రోజులకు మించి బిల్లు ఆపకూడదు. ఆపితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. యూరప్‌లో 2011 నాటి ఆదేశం సంస్థల మధ్య చెల్లింపులకు మామూలుగా 60 రోజుల హద్దు పెట్టింది. కాగితం మీద రెండూ గట్టివే. కానీ మీ అమ్మకాల్లో ముప్పావు వంతు కొనే కంపెనీ మీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఫిర్యాదు గెలిస్తే పాత బిల్లు వస్తుంది, కొత్త ఆర్డర్ రాదు. ఫిర్యాదు అక్కర్లేని ఏర్పాటు కావాలి. ఆదాయపు పన్ను చట్టంలో 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన మార్పు ఆ దిశలోది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులో కట్టని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. కట్టిన ఏడాదే చూపుకోవాలి. అమ్మినవాడు నోరు తెరవకుండానే కొన్నవాడికి నొప్పి పుడుతుంది. అందువల్ల ఈ గడువు వర్తించని చోటు నుంచి సరుకు కొందామని పెద్దవాళ్లు చిన్నవాళ్లను వదిలేస్తారనే భయం ఉంది, నేనూ కాదనను. అయినా దిశ సరైనదే అంటాను. మహమ్మారికి ముందే ఇలాంటిది ఉండి ఉంటే బాగుండేది.

ప్రభుత్వాల సాయం కూడా ఈ వరుస మీద ప్రభావం చూపింది. జర్మనీలో కుర్జ్‌ఆర్బైట్ అనే పద్ధతి ముందు నుంచీ ఉంది. పని గంటలు తగ్గితే పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవాళ్లకు 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ భరిస్తుంది. 2020 ఏప్రిల్లో దాదాపు 60 లక్షల మంది దాని కింద ఉన్నారు. బ్రిటన్ ఫర్లో పథకం పెట్టి, ఇంట్లో కూర్చున్న ఉద్యోగి జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లు మించకుండా ఇచ్చింది. అమెరికా ఇచ్చింది పేరుకు అప్పు, ఎక్కువ భాగం జీతాలకు ఖర్చు చేస్తే మాఫీ. దాని మొదటి విడత 34,900 కోట్ల డాలర్లు ఏప్రిల్ 3న మొదలై 16 నాటికే అయిపోయాయి. బ్యాంకుతో బాగా పరిచయం ఉన్నవాళ్లు ముందు పట్టుకెళ్లారనే విమర్శ వచ్చింది. వచ్చిందంటే రాదా మరి? పంచింది బ్యాంకులే కదా.

ఇవన్నీ జీతాన్ని వరుసలో మొదటికి తెచ్చాయి. యజమాని ఎంచుకోవాల్సిన పని లేకుండా చేశాయి. భారతదేశం ప్రధానంగా ఎంచుకున్నది వేరే దారి. 2020 మేలో 3 లక్షల కోట్ల రూపాయల అత్యవసర రుణ హామీ పథకం వచ్చింది. ఫిబ్రవరి 29 నాటికి బాకీ ఉన్న అప్పులో 20 శాతం దాకా తాకట్టు లేకుండా కొత్త అప్పు, అసలు మీద ఏడాది విరామం. దానివల్ల చాలా సంస్థలు బతికాయి, అది కాదనను. కానీ ఇక్కడొక తిరకాసు ఉంది. అప్పటికే బ్యాంకు అప్పు ఉన్నవాడికే అది అందింది. అప్పు లేకుండా సొంత డబ్బుతో జాగ్రత్తగా నడుపుకున్నవాడికి 20 శాతం అంటే సున్నాలో 20 శాతం. బ్రిటన్ కూడా 50 వేల పౌండ్ల దాకా పూర్తి హామీతో బౌన్స్ బ్యాక్ అప్పులు ఇచ్చింది, అదీ అప్పే. మూసి ఉంచిన నెలల అద్దెకు, జీతాలకు అప్పు తెచ్చి కట్టారంటే, ఎప్పటికీ రాని అమ్మకాల ఖర్చును రాబోయే అమ్మకాల మీద రుద్దినట్టే. మెషీన్ కొనడానికి తెచ్చిన అప్పును మెషీన్ తీరుస్తుంది. ఖాళీ షెడ్డు అద్దెకు తెచ్చిన అప్పును ఏది తీరుస్తుంది?

అందుకే దివాలాల లెక్కలు మొదట్లో తప్పుదారి పట్టించాయి. 2020లో చాలా దేశాల్లో దివాలాలు తగ్గాయి. జర్మనీ దివాలా దరఖాస్తు పెట్టే బాధ్యతను నిలిపేసింది. భారత్ 2020 మార్చి 25 నుంచి ఏడాది పాటు తప్పిన బాకీల మీద దివాలా కేసులు వేయకుండా ఆపింది. అంతా బాగానే ఉందని కొందరు రాశారు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది. అదే 2023లో ఇంగ్లండ్, వేల్స్‌లో కంపెనీల దివాలాలు 25 వేలు దాటాయి, 1993 తర్వాత అంత ఎక్కువ ఎప్పుడూ లేదు. పెరిగిన వడ్డీ రేట్లు, కరెంటు ఖర్చు కూడా అందుకు కారణాలే. కానీ నా దగ్గరికొచ్చే పుస్తకాల్లో కూడా నేను చూసింది అదే తీరు: 2020లో తెచ్చిన అప్పు, 2022లో మొదలైన వాయిదా, 2023లో మూత. మహమ్మారి వల్ల పోయిన సంస్థల్లో కొన్ని మహమ్మారి అయిపోయాకే పోయాయి.

డిజిటల్ అయినవాళ్లే బతికారనే కథ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆన్‌లైన్లో ఆర్డర్లు తీసుకోవడం కొందరికి ఉపయోగపడింది. అయితే ప్లాట్‌ఫామ్ తీసుకునే కమీషన్, డెలివరీ, తిరిగొచ్చిన సరుకు అన్నీ వేసి చూస్తే, అమ్మకం పెరిగి చేతిలో డబ్బు తగ్గిన సంస్థలు నాకు తెలుసు. వెబ్‌సైట్ పెట్టినంత తేలిక కాదు, నగదు వచ్చే తేదీని ముందుకు జరపడం. ఈ రెండోదాని గురించి ఎవరూ వెబినార్ పెట్టలేదు.

సరుకు నిల్వ సంగతీ అంతే. టయోటా 2011 భూకంపం తర్వాత చిప్‌లను రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా నిల్వ ఉంచమని సరఫరాదారులను కోరింది. దానివల్ల 2021 మొదట్లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు మిగతా కార్ల కంపెనీల కంటే ఎక్కువ కాలం తట్టుకుంది. ఈ కథ విని చిన్న సంస్థలు కూడా అప్పు తెచ్చి ముడిసరుకు గోదాముల్లో నింపాయి. 2022కల్లా పెద్ద రిటైల్ కంపెనీలకే నిల్వలు పేరుకుపోయి ధర తగ్గించి అమ్ముకోవాల్సి వచ్చింది. ఏ సరుకు లేకపోతే పని మొత్తం ఆగుతుందో ఆ ఒకటి రెండింటినే ఎక్కువ పెట్టుకోవాలి. అన్నీ పెట్టుకుంటే గోదాం నిండుతుంది, బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది.

వ్యాపారం ఆగినందుకు ఇన్సూరెన్స్ డబ్బు వస్తుందని ఆశ పెట్టుకున్నవాళ్లకు ఎక్కువగా నిరాశే. 2003లో సార్స్ అనే వైరస్ జబ్బు వచ్చాక అమెరికాలో 2006 నుంచి వైరస్ నష్టాలను మినహాయించే నిబంధన పాలసీల్లోకి వచ్చింది. బ్రిటన్‌లో బీమా కంపెనీలతో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021 జనవరి 15న చాలావరకు పాలసీదార్ల పక్షాన తీర్పు వచ్చింది. మూతపడి పది నెలలయ్యాక.

డబ్బు తర్వాత నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది యజమాని జబ్బు పడటం. సంస్థ అంతా ఒక్క మనిషి బుర్రలో ఉంటుంది. ఏ ఖాతాదారుకు ఎంత తగ్గింపు ఇస్తానని నోటిమాటగా చెప్పాడో, ఏ చెక్కు ఎప్పుడు వేయవద్దని ఎవరిని బతిమాలుకున్నాడో, బ్యాంకు ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తుందో. ఆయన ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంటే ఫోన్ బీరువాలో మోగుతుంటుంది. నేను లెక్కలు చూసే ఒక సంస్థలో ఖాతాలో డబ్బుండి కూడా జీతాలు పడలేదు, ఎందుకంటే సంతకం చేసే మనిషి ఒక్కరే. వాళ్లావిడకు ఆ సంస్థకు ఎవరు ఎంత బాకీయో తెలియదు, సంస్థ ఎవరికి బాకీయో మాత్రం వారంలో తెలిసిపోయింది. బాకీ ఉన్నవాళ్లు ఫోన్ చెయ్యరు, రావలసినవాళ్లు చేస్తారు. రెండో సంతకం, బాకీల జాబితా, నోటి ఒప్పందాలన్నీ రాసిన ఒక నోటుబుక్కు. దీనికి ఖర్చేమీ లేదు. అయినా అడిగితే యజమానులు చిన్నబుచ్చుకుంటారు, నేను పోతానని లెక్క కడుతున్నావా అన్నట్టు చూస్తారు. ఇందులో నాకు సులువైన మార్గం దొరకలేదు. ఎవరైనా దగ్గరివాళ్లు జబ్బుపడి లేచాకే ఒప్పుకుంటున్నారు.

చివరగా, ఎవరూ చెప్పడానికి ఇష్టపడని సంగతి. కొన్ని సంస్థలు 2020లోనే ఆగిపోవాల్సింది. నాకు తెలిసిన ఒకాయన ఆ ఏడాది మధ్యలో కూర్చుని లెక్క వేసుకున్నాడు. ఇంకో నాలుగు నెలలు లాగితే ఉన్నదంతా పోతుంది, పైగా అప్పు మిగులుతుంది. ఇప్పుడు ఆపితే పనివాళ్లకు రావలసింది, సరఫరాదారుల బిల్లులు మొత్తం తీరతాయి, తనకు కొంచెమే మిగులుతుంది. ఆపేశాడు. బంధువులు పిరికివాడన్నారు, హామీ అప్పు తీసుకోలేదేమని బ్యాంకాయన కూడా విసుక్కున్నాడు. రెండేళ్ల తర్వాత ఇంకా చిన్న షెడ్డులో అదే పని మళ్లీ మొదలుపెట్టాడు. పాత పనివాళ్లలో సగం మంది వచ్చారు. మిగతా సగం అప్పటికి వేరేచోట కుదురుకున్నారు. సరుకు పంపేవాళ్లు అడ్వాన్స్ అడగకుండా పంపారు. బ్యాంకు మాత్రం రెండేళ్ల లావాదేవీలు లేవని ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వనంది. ఆయన ఇప్పటికీ అది లేకుండానే నడుపుతున్నాడు.